ఏడేళ్లు గడిచినా మారని నగరం: ‘డ్రాగన్ ఏజ్ 2’ వీడియో గేమ్ సమీక్ష

కిర్క్‌వాల్ నగరం వెలుపల సముద్రతీరాన ఉన్న ఒక గుహలోకి మొదటిసారి వెళ్లినప్పుడు నేను ప్రతి మూలా వెదికాను. వంపు తిరిగిన దారి, ఆ దారి చివర విశాలమైన గది, అక్కడి నుంచి కిందికి దిగే మరో దారి. అన్నీ ఓపికగా చూసి, ఉన్న శత్రువులను ఓడించి, దొరికిన వస్తువులు తీసుకుని బయటికి వచ్చాను. ఆ తరువాత వేరే మనిషి అప్పగించిన వేరే పని మీద, ఊరికి మరో దిక్కున ఉన్న కొండ గుహలోకి వెళితే మళ్లీ అదే వంపు, అదే గది ఎదురయ్యాయి. మొదటిసారి నేను లోపలికి వచ్చిన దారిని ఈసారి రాతిపలకతో మూసేసి, ఇంకో చివరి నుంచి నన్ను లోపలికి పంపారు. అంతకు మించిన తేడా ఏమీ లేదు. తెర మూలన ఉండే చిన్న మ్యాప్ మాత్రం మూసేసిన దారులతో సహా గుహ మొత్తాన్నీ చూపిస్తూనే ఉంది. ఆట పూర్తయ్యేసరికి ఆ గుహలో కళ్లు మూసుకుని నడవగలిగినంతగా నాకు దారి తెలిసిపోయింది. ‘డ్రాగన్ ఏజ్ 2’ గురించి ఎవరు అడిగినా నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ రాతిపలకే.

ఈ ఆట 2011 మార్చి 8న విడుదలైంది. ‘బాల్డర్స్ గేట్’, ‘నెవర్‌వింటర్ నైట్స్’ వంటి రోల్ ప్లేయింగ్ గేమ్‌లతో (ఒక పాత్రగా మారి కథను నడిపే ఆటలతో) పేరు తెచ్చుకున్న కెనడా సంస్థ బయోవేర్ దీనిని తయారు చేయగా, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ప్రచురించింది. మొదటి భాగమైన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ 2009 నవంబరు 3న వచ్చింది. అందులో మన పాత్రకు ఆరు రకాల పుట్టుకలు ఉండేవి. రాజవంశపు మరుగుజ్జుగానో, నగరపు మురికివాడలో పెరిగిన ఎల్ఫ్ అనే కాల్పనిక జాతివాడిగానో, గోపురంలో బందీగా పెరిగిన మంత్రగాడిగానో మొదలుపెట్టవచ్చు, ఏ పుట్టుక ఎంచుకుంటే దానికి తగిన తొలి అధ్యాయం ఆడవచ్చు, ఆ పుట్టుకను లోకం ఆట చివరిదాకా గుర్తు పెట్టుకునేది. ఆ ఆటను నేను పూర్తిగా నాలుగుసార్లు ఆడాను. రెండో భాగం వస్తోందని తెలిసిన రోజు నుంచి దాని కోసం ఎదురుచూశాను. రెండు భాగాల మధ్య గడిచింది 16 నెలలు మాత్రమేనని, అందులోనే 2010 మార్చిలో ‘అవేకెనింగ్’ అనే పెద్ద అనుబంధ కథ కూడా విడుదలైందని లెక్క వేసుకుని ఉంటే అప్పుడే కాస్త జాగ్రత్త పడేవాడిని. ఇంత పెద్ద ఆటకు ఆ వ్యవధి ఏ మూలకూ సరిపోదు. తెర మీద కనిపించే లోపాలలో చాలా వాటికి మూలం ఆ తొందరలోనే ఉంది.

అయినా ముందుగా చెప్పవలసింది ఒకటి ఉంది. ఈ ఆట వెనుక ఉన్న ఆలోచన చాలా మంచిది. మొదటి భాగంలో లాగా లోకాన్ని రక్షించే వీరుడి కథ కాదిది. డార్క్‌స్పాన్ అనే రాక్షస సేన లోథరింగ్ అనే ఊరిని నాశనం చేస్తుంటే ప్రాణాలు దక్కించుకుని, సముద్రం దాటి, కిర్క్‌వాల్ నగరానికి కాందిశీకులుగా చేరిన ఒక కుటుంబం కథ. ఆ కుటుంబంలో పెద్ద బిడ్డ హాక్ మన పాత్ర. ఒకప్పుడు బానిసల వ్యాపారంతో బలిసిన ఆ నగరంలో, మంత్రవిద్య ఉన్నవారిని పుట్టుకతోనే నేరస్తులుగా చూసి కోటలో బంధించి ఉంచుతారు. వారికి కాపలాగా టెంప్లర్లు అనే సాయుధ దళం ఉంటుంది. అలాంటి చోట చేతిలో చిల్లిగవ్వ లేకుండా అడుగుపెట్టిన మనిషి ఏళ్లు గడిచేకొద్దీ ఆ నగరానికే పెద్ద దిక్కు ఎలా అయ్యాడు, చివరికి ఆ నగరం ఎలా తగలబడింది అన్నదే కథ. లోకమంతా తిరిగే ప్రయాణాన్ని పక్కన పెట్టి ఒకే ఊరిని ఏళ్ల తరబడి చూపించాలన్న ఆ సంకల్పం అప్పటి కంప్యూటర్ గేమ్‌లలో చాలా అరుదు.

కథ చెప్పే పద్ధతి కూడా నాకు ఎంతో నచ్చింది. హాక్ స్నేహితుడైన వారిక్ అనే మరుగుజ్జును కాసాండ్రా అనే అధికారిణి కుర్చీలో కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పమని నిలదీస్తుంది, అతను చెప్పేదే మనం ఆడతాం. ఆట మొదట్లో హాక్ ఒక్కో దెబ్బకు గుంపులు గుంపులుగా శత్రువులను కూలుస్తూ ఉండగా, కాసాండ్రా అడ్డు తగిలి, కోతలు ఆపి అసలు జరిగింది చెప్పమంటుంది. దాంతో కథ మళ్లీ మొదటికి వస్తుంది, ఈసారి హాక్ మామూలు మనిషి, పక్కన భయపడిన తల్లీ తోబుట్టువులూ ఉంటారు. బుర్రకథలో కథకుడు జోరు మీద ఉన్నప్పుడు పక్కనున్న వంత అడ్డు తగిలి ప్రశ్న వేస్తే కథ మరో మలుపు తిరిగినట్టు, ఇక్కడ కాసాండ్రా వేసే ప్రశ్న కథను నేల మీదికి దింపుతుంది. వారిక్ తన అన్న ఇంటి మీదికి ఒంటరిగా దండెత్తినట్టు చెప్పుకునే ఘట్టంలో ఈ ఉపాయం మరోసారి మెరుస్తుంది. అంతటితో దాని పని దాదాపు అయిపోయింది. చెప్పేవాడిని నమ్మాలా వద్దా అన్న సందేహాన్ని కథంతా నడిపించగలిగి ఉండి కూడా దానిని అంకానికీ అంకానికీ మధ్య వచ్చే మాటల వారధిగా వదిలేశారు. వారిక్ చెబుతున్న కథ కాబట్టి గుహలన్నీ అతని జ్ఞాపకంలో ఒకేలా ఉన్నాయని సమర్థించేవారి మాట కూడా విన్నాను. ఆ మాట ఆటలో ఎక్కడైనా ఒక్కసారి వారిక్ నోట పలికి ఉంటే నేను ఒప్పుకునేవాడిని.

నా అసలు ఫిర్యాదు కాలం గురించి. ఒకే ఊరిలో ఏళ్లు గడవడమే ఈ కథకు ప్రాణం కదా, ఆ గడవడం మాత్రం ఎక్కడా కనిపించదు. కిర్క్‌వాల్‌లోకి రానివ్వడానికి బదులుగా హాక్ కుటుంబం ఒక ఏడాది పాటు కిరాయి సైనికులకో, దొంగరవాణా ముఠాకో ఊడిగం చేయాలన్న షరతు మీద లోపలికి వస్తుంది. ఎవరి దగ్గర పనిచేయాలో మనమే ఎంచుకుంటాం. కొత్త నగరంలో, అప్పు కింద, పరాయి భాష యాస మధ్య ఆ కుటుంబం ఎలా బతికింది? ఏయే తప్పుడు పనులు చేయవలసి వచ్చింది? మేనమామ గామ్లెన్ ఇరుకు ఇంట్లో తల్లి ఎలా సర్దుకుంది? నేను ఆడాలనుకున్నది ఆ ఏడాదే. ఎంపిక చేసిన మరుక్షణం తెర మారి, ఏడాది గడిచిందని చెప్పి, అప్పు తీరిపోయిన హాక్‌ను మన చేతికిస్తారు. మొదటి అంకానికీ రెండో అంకానికీ మధ్య మూడేళ్లు, రెండో అంకానికీ మూడో అంకానికీ మధ్య మరో మూడేళ్లు అలాగే నాలుగు మాటల్లో దాటిపోతాయి. కాందిశీకుడు ధనవంతుడు కావడం, ధనవంతుడు నగర వీరుడు కావడం, ఆ వీరుడి మీద పెద్దల కన్ను పడడం అన్నీ మనం చూడని చోటే జరుగుతాయి.

సరే, జరిగిన మార్పును కనీసం వీధుల్లోనైనా చూపించారా అంటే అదీ లేదు. మొదటి అంకంలో పేదలుండే లోటౌన్ మెట్ల దగ్గర నిలబడిన మనుషులు మూడేళ్ల తరువాత కూడా దాదాపు అదే తీరున నిలబడి ఉంటారు. ధనికులుండే హైటౌన్ అంగడిలో అవే బల్లలు, అవే గుడారాలు. నేల కింద డార్క్‌టౌన్‌లో తలదాచుకున్న కాందిశీకుల స్థితి బాగుపడిందో పాడయిందో చూసి చెప్పడం కష్టం. రేవులో చిక్కుకుపోయిన కునారి అనే పరాయి జాతి సైన్యం ఏళ్ల తరబడి అక్కడే ఉందని, నగరానికీ వారికీ మధ్య ద్వేషం రగులుతోందని అందరూ మాటల్లో చెబుతారు, వీధిలో ఒక గోడ కట్టినట్టు గానీ ఒక దుకాణం మూతబడినట్టు గానీ కనబడదు. రెండో అంకం చివర ఆ సైన్యం నగరం మీద పడి చంపి తగలబెట్టిన తరువాత కూడా, మూడో అంకంలో చిన్న చిన్న మార్పులు మినహా మనకు దక్కేది ఆ పాత నగరమే. పగలు, రాత్రి అని రెండు రూపాలు ఉన్నాయి గానీ రాత్రి రూపం ముఠాలతో కొట్లాటకు మాత్రమే పనికొస్తుంది. ఊరి బయట తిరగగలిగినవి వూండెడ్ కోస్ట్ అనే తీరం, సండర్‌మౌంట్ అనే కొండ, ఇంకొక గని, అంతే. భూగర్భంలోని డీప్ రోడ్స్‌కు వెళ్లే యాత్ర ఒక్కటి మాత్రం ఊరు విడిచి దూరం వెళ్లిన అనుభూతిని ఇస్తుంది. ఒకే ఊరిలో కథ నడపడం లోపం కాదు. నిజానికి స్థలం తక్కువైనప్పుడే దానిని లోతుగా చెక్కే అవకాశం ఉంటుంది. ఇక్కడ స్థలాన్ని తగ్గించారు గానీ, అలా మిగిలిన శ్రమను ఆ కొద్ది స్థలం మీద పెట్టలేదు.

పోరాటాల విషయంలో నా నిరాశ ఇంకో రకమైనది. మొదటి భాగాన్ని కంప్యూటర్ మీద ఆడినవారికి, కెమెరాను పైకి లాగి రంగమంతా ఒక్క చూపులో చూసి, ఆటను పాజ్ చేసి, మన బృందంలోని నలుగురికీ వేర్వేరు ఆజ్ఞలు ఇచ్చే పద్ధతి బాగా అలవాటు. ఇక్కడ కెమెరా అంత పైకి రాదు. కదలికలు చాలా వేగం పుంజుకున్నాయి, దెబ్బ తగిలిన శత్రువు ముక్కలై ఎగిరిపోతాడు. వేగం దానంతట అది చెడ్డది కాదు. కన్సోల్ (టీవీకి తగిలించే ఆటల యంత్రం) మీద ఆడే స్నేహితులు కొందరు మొదటి భాగం కంటే ఇదే హాయిగా ఉందన్నారు, వారి మాట నేను అర్థం చేసుకోగలను. నా అభ్యంతరం శత్రువులు వచ్చే తీరు మీద. రాత్రి వేళ లోటౌన్‌లో ఒక ముఠా ఎదురైనప్పుడు, డాలు పట్టిన సహచరి అవెలిన్‌ను ఇరుకైన మెట్ల మీద అడ్డంగా నిలబెట్టి, మంత్రాలు వేసే చెల్లెలు బెథనీని ఆమె వెనుక సురక్షితంగా ఉంచి, వారిక్‌ను ఎత్తు మీద నిలిపి, మెట్లెక్కిన ఐదుగురినీ ఎంతో పద్ధతిగా ఓడించాను. చివరివాడు పడిన క్షణంలోనే ఇళ్ల కప్పుల మీద నుంచి మరో ఆరుగురు సరిగ్గా బెథనీ చుట్టూ దిగారు. వారు పడ్డాక మూడో జట్టు వచ్చింది. నేను ఎక్కడ ఎవరిని నిలబెట్టానన్నదానికి విలువ లేకుండా పోయింది. ఎందరు వస్తారో, ఎటు నుంచి వస్తారో తెలియనప్పుడు వ్యూహం పన్నడానికి ఆధారం ఏముంటుంది? ఇలా ఒకటి రెండు చోట్ల జరిగితే ఆశ్చర్యంగా ఉండేది. దాదాపు ప్రతి పోరాటమూ ఇలాగే సాగేసరికి నేను ఆలోచించడం మానేసి, ఉన్న శక్తులన్నీ ఒకదాని తరువాత ఒకటి వాడేస్తూ, తరువాతి జట్టు కోసం ఎదురుచూడడం అలవాటు చేసుకున్నాను. పైగా మన మంత్రాలు మనవాళ్లకు తగలడం అత్యంత కఠినమైన నైట్‌మేర్ స్థాయిలో మాత్రమే జరుగుతుంది కాబట్టి, మిగతా స్థాయిలలో నిప్పుల వాన ఎక్కడ కురిపించాలన్న జాగ్రత్త కూడా అక్కరలేదు.

వస్తువుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చాలా ఉంగరాలకు ‘ఉంగరం’ అని, పట్టీలకు ‘పట్టీ’ అని తప్ప పేరు లేదు, ఎవరిదో ఎక్కడిదో తెలిపే వాక్యం లేదు, విలువ సూచించడానికి నక్షత్రాలు మాత్రం ఉన్నాయి. సహచరుల కవచాలు మార్చే వీలు లేకపోవడంతో దొరికిన కవచాలలో చాలావరకు అమ్మకానికే పోతాయి. అమ్మడానికి తప్ప ఎందుకూ పనికిరాని సరుకు కోసం మన దగ్గరున్న వస్తువుల జాబితా అయిన ఇన్వెంటరీలో విడిగా ఒక విభాగమే పెట్టారు. అంతకంటే నన్ను బాధించినవి దారిలో దొరికిన వస్తువును సొంతదారుకు అప్పగించే చిన్న క్వెస్ట్‌లు, అంటే ఆట మనకిచ్చే పనులు. ఎవరో సన్యాసిని అస్థికలు ఒక చోట దొరుకుతాయి, మ్యాప్ మీద గుర్తు పడుతుంది, అక్కడికి వెళ్లి ఎన్నడూ మాట్లాడని మనిషికి ఇస్తే ఒక్క మాటతో పుచ్చుకుని డబ్బు ఇస్తారు. చనిపోయిన మనిషి ఎముకలను ఆమె సొంతవారికి తెచ్చిచ్చే సందర్భం ఎంత బరువైనది! అంత బరువైన సంగతిని ఉత్తరాల బట్వాడాలా చేసి వదిలేయడం చూసి నాకు నిజంగా మనసు కష్టపడింది.

ఇన్ని చెప్పాక కూడా ఈ ఆటను నేను మూడుసార్లు పూర్తి చేశానంటే కారణం సహచరులే. వారి మాటలను వ్రాసినవారు ఎంతో శ్రద్ధ పెట్టారు. నగర రక్షక దళంలో చేరి పైకి వచ్చే అవెలిన్, ఓడ పోగొట్టుకుని నిజం దాచే ఇసబెలా, పగిలిన అద్దం ఒకటి బాగుచేయాలన్న పట్టుదలతో సొంత జాతినే దూరం చేసుకున్న మెరిల్, బానిసత్వపు గుర్తులు ఒంటి మీద మోస్తూ మంత్రగాళ్లందరినీ ద్వేషించే ఫెన్రిస్, మంత్రగాళ్ల విముక్తి తప్ప మరొకటి పట్టని ఆండర్స్, ఒక్కొక్కరూ తమ బతుకు తాము బతుకుతూ మధ్యలో మనతో కలిసి నడుస్తున్నట్టు ఉంటారు. పిలిచిన వెంటనే గుడారం దగ్గర వరసగా నిలబడే మనుషులు కారు వీళ్లు. ప్రతివారికీ ఊళ్లో ఒక ఇల్లు ఉంది, పనుంటే మనమే వెళ్లి తలుపు తట్టాలి. వారు మనతో ఏకీభవించకపోయినా ఫరవాలేదన్నది ఇందులో ఉన్న గొప్ప మార్పు. మొదటి భాగంలో సహచరులను మెప్పించడానికి కానుకలు పోగేసేవాళ్లం. ఇక్కడ స్నేహం ఎంత బలమైనదో, గౌరవంతో కూడిన వైరం కూడా అంతే బలమైనది. ఫెన్రిస్‌తో ప్రతి విషయంలోనూ విభేదిస్తూనే అతని నమ్మకం సంపాదించవచ్చు. ఇసబెలా సొంత సమస్యను నేను మొదటిసారి పెద్దగా పట్టించుకోలేదు. రెండో అంకం చివర కునారీల పవిత్ర గ్రంథంతో ఆమె చెప్పకుండా వెళ్లిపోయింది, మళ్లీ నా బృందంలోకి రాలేదు. అలా నా నిర్లక్ష్యానికి తగిన ఫలితం చూపించినందుకు ఆటను మెచ్చుకున్నాను.

హాక్‌కు గొంతు ఇవ్వడం కూడా నాకు బాగా నచ్చింది. మగ హాక్‌కు నికొలస్ బౌల్టన్, ఆడ హాక్‌కు జో వ్యాట్ గాత్రం ఇచ్చారు, ఇద్దరూ చాలా బాగా పలికారు. మాట ఎంచుకునే చక్రం మధ్యలో ఆ మాట సౌమ్యమా, చమత్కారమా, కరుకా అని చెప్పే గుర్తు కనబడుతుంది. ఇంగ్లీషు సంభాషణలో వ్యంగ్యాన్నీ మర్యాదనూ వెంటనే వేరు చేయలేని మనవంటి ఆటగాళ్లకు ఆ గుర్తు ఎంతో మేలు చేస్తుంది. మనం ఏ ధోరణిలో ఎక్కువగా మాట్లాడితే హాక్ తనంతట తాను పలికే మాటలు కూడా ఆ ధోరణిలోకి మారతాయి. ఈ పనితనాన్ని చాలామంది గమనించరు, నాకు రెండోసారి ఆడినప్పుడు గానీ తెలియలేదు. ఎంచుకున్న నాలుగు మాటలకూ హాక్ నోట వచ్చే పూర్తి వాక్యానికీ పొంతన కుదరని సందర్భాలు ఉన్నాయి గానీ, మొత్తం మీద ఈ పద్ధతి పాత్రకు ఒక వ్యక్తిత్వాన్ని ఇచ్చింది.

కథలో నన్ను కదిలించిన ఘట్టం తల్లి లియాండ్రా మరణం. దానిని ఇక్కడ చెబుతున్నాను కాబట్టి ఆట ఆడదలచినవారు ఈ పేరా వదిలి ముందుకు వెళ్లాలి. నగరంలో స్త్రీలు మాయమవుతున్నారని, మాయమయ్యే ముందు వారికి తెల్ల లిల్లీ పూలు వస్తున్నాయని మొదటి అంకం నుంచే అక్కడక్కడా తెలుస్తూ ఉంటుంది. మూడేళ్ల తరువాత, హైటౌన్‌లో పుట్టింటి భవనం తిరిగి దక్కించుకుని ఆమె కాస్త కుదుటపడిన వేళ, ఒక రోజు ఇంటికి వస్తే తల్లి లేదు, ఎవరో పంపిన తెల్ల లిల్లీలు ఉన్నాయి. ఆ పూలు చూసిన క్షణం నాకు ఒళ్లు జలదరించింది. రక్తపు మరకల వెంట పరుగెత్తి వెళ్లేసరికి, చనిపోయిన తన భార్యను మళ్లీ తయారు చేయాలన్న పిచ్చితో స్త్రీల అవయవాలు పోగుచేస్తున్న మంత్రగాడి చేతిలో ఆమె బలైపోయి ఉంటుంది. ఆమె తల మాత్రమే ఆమెది. చివరి నిమిషంలో బిడ్డ ఒడిలో ఆమె ప్రేమగా రెండు మాటలు చెప్పి కన్నుమూస్తుంది. మనం ఎంత త్వరగా వెళ్లినా, ముందు అంకంలో ఏం చేసినా ఆమెను కాపాడలేం. కాపాడలేకపోవడమే ఆ ఘట్టానికి బలమని నేను నమ్ముతున్నాను. చిన్న ఆధారాలను ఏళ్ల ముందే చల్లి, మనం మరచిపోయాక వాటిని గుండె మీదికి తేవడం ఒకే ఊరి కథలో మాత్రమే సాధ్యం. ఆట అంతా ఇలా సాగి ఉంటే ఎంత బాగుండేదో అన్న బాధ ఆ రాత్రి నన్ను చాలాసేపు విడిచిపెట్టలేదు.

రెండోసారి ఆడినప్పుడు హాక్‌ను మంత్రగత్తెగా ఎంచుకున్నాను. మంత్రం తెలిసినవారిని వేటాడే నగరంలో అది తెలిసిన మనిషి దాగి బతకడం ఎలా ఉంటుందో చూడాలని నా ఆశ. మొదటి ఘట్టంలో ఈసారి చెల్లెలు చనిపోయి తమ్ముడు కార్వర్ బతకడం, అతనికి పెద్దవారి మీద ఉన్న అసూయ బాగా పండాయి. అతన్ని డీప్ రోడ్స్‌కు తీసుకువెళ్లకుండా ఇంటి దగ్గర వదిలితే తిరిగి వచ్చేసరికి టెంప్లర్ దళంలో చేరిపోవడం ఇంకా బాగుంది. కాని నా హాక్ వీపున మంత్రదండం తగిలించుకుని, టెంప్లర్ల ముఖ్య స్థావరమైన గాలోస్ కోట నడిబొడ్డున పట్టపగలు తిరిగినా ఒక్కరూ ఆపి అడగలేదు. వీధిలో వారి కళ్ల ముందే నిప్పులు కురిపించినా పట్టించుకోలేదు. మాటల్లో ఇంతింత భయం చూపించిన కథ, మన చేతల దగ్గరకు వచ్చేసరికి ఆ భయాన్ని మరచిపోయింది.

మూడో అంకం నా నిరాశకు పరాకాష్ఠ. అధికారం మొత్తం చేతుల్లోకి తీసుకున్న టెంప్లర్ సేనాని మెరెడిత్ ఒకవైపు, మంత్రగాళ్ల పెద్ద ఓర్సినో మరోవైపు నిలుస్తారు. ప్రమాదకరమైన శక్తితో పుట్టినంత మాత్రాన మనిషిని ఖైదు చేయవచ్చా, ఖైదు చేయకపోతే మిగతావారి ప్రాణాలకు హామీ ఏది అన్న ప్రశ్న నిజమైన ప్రశ్న, రెండు పక్షాలలోనూ న్యాయం ఉంది. ఆండర్స్ చాంట్రీ ఆలయాన్ని పేల్చివేసి రాజీకి దారి లేకుండా చేసే ఘట్టం మరచిపోలేనిది. దానికి కావలసిన పదార్థాలను మందు కోసమని చెప్పి మన చేతనే సేకరింపజేస్తాడు. పేలుడు తరువాత మనవైపు వీపు పెట్టి ఒక పెట్టె మీద కూర్చుని తీర్పు కోసం ఎదురుచూస్తాడు, చంపవచ్చు, పంపేయవచ్చు, వెంట ఉంచుకోవచ్చు. అక్కడ నేను ఆటను ఆపి చాలాసేపు ఆలోచించాను. ఇంతటి సన్నివేశం తరువాత ఏ పక్షం ఎంచుకున్నా, ఓర్సినో నిషిద్ధమైన రక్తమంత్రంతో రాక్షసాకారంగా మారి మన మీదికి వస్తాడు, అతన్ని చంపిన తరువాత మెరెడిత్ కూడా మన మీదికే వస్తుంది. మంత్రగాళ్ల పక్షాన నిలబడి, వారిని కాపాడుతూ, గెలుస్తున్న సమయంలో వారి నాయకుడు ఎందుకు అలా మారాడన్నదానికి నాకు ఇప్పటికీ సరైన సమాధానం దొరకలేదు. మెరెడిత్ క్రౌర్యానికి కారణం డీప్ రోడ్స్‌లో మనం వెలికితీసిన శాపపు విగ్రహమని చెప్పడంతో ఆమె పట్టిన వాదం బలం కూడా పోయింది. ఏడేళ్లుగా పెరుగుతూ వచ్చిన రాజకీయ సంఘర్షణను చివరికి పిచ్చెక్కిన ఇద్దరు నాయకులతో ముష్టియుద్ధంగా ముగించారు. మూడోసారి నేను టెంప్లర్ల పక్షం వహించి ఆడాను. చివరి గంట దాదాపు అంతా నాకు ముందే తెలిసినదే అయింది.

సాంకేతికంగా పెద్ద ఫిర్యాదులు లేవు. ఇప్పటి మామూలు కంప్యూటర్ మీద కూడా ఆట సాఫీగా నడుస్తుంది. కంప్యూటర్ కోసం విడుదల చేసిన హై రిజల్యూషన్ టెక్స్చర్ ప్యాక్ (బొమ్మల నాణ్యత పెంచే ఫైళ్లు) వేసుకుంటే ముఖాలు, బట్టలు మెరుగ్గా కనిపిస్తాయి. ఇనాన్ జుర్ సంగీతం అవసరమైన చోట పట్టు నిలిపింది. 2011లోనే వచ్చిన ‘లెగసీ’, ‘మార్క్ ఆఫ్ ది అసాసిన్’ అనే రెండు అనుబంధ కథలు కొత్త ప్రదేశాలలో నడుస్తాయి, గుహల సమస్య వాటిలో లేదు. హాక్ తండ్రి గతాన్ని తవ్విన ‘లెగసీ’ వీలైతే తప్పక ఆడవలసినది. ‘ఆరిజిన్స్’ ఆడనివారు ముందు దానినే కొనాలి. అది ఆడినవారు, 2014లో వచ్చిన మూడో భాగం ‘ఇన్‌క్విజిషన్’ కూడా ఆడాలనుకుంటే, వారిక్, కాసాండ్రా, హాక్ అక్కడ మళ్లీ వస్తారు కాబట్టి ఈ భాగాన్ని వదలకుండా, డిస్కౌంట్ ఉన్నప్పుడు కొనుక్కోవడం మేలు. పూర్తి ధరకు కొనమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. పోరాటాలను తేలిక స్థాయిలో పెట్టుకుని మాటల కోసం ఆడితే ఓపిక మిగులుతుంది, దారిలో దొరికిన వస్తువులను అప్పగించే క్వెస్ట్‌లను వదిలేసినా పోయేదేమీ లేదు.

కొన్నవారు రెండో అంకంలో అవెలిన్ అప్పగించే పనిని మాత్రం వదలవద్దు. యుద్ధంలో ఎవరికీ జంకని ఆ రక్షకదళ నాయకురాలికి తన కింద పనిచేసే డోనిక్ మీద ఇష్టం కలుగుతుంది, అది అతనికి ఎలా చెప్పాలో తెలియదు. ముందుగా రాగితో చేసిన బంతిపూలను మన చేత అతనికి పంపిస్తుంది. ఆపైన వాళ్ల ఆచారం ప్రకారం అతని తల్లికి మేకలు, గోధుమ కంకుల కట్ట ఇవ్వాలేమోనని ఆలోచిస్తుంది. చివరికి ఇద్దరినీ గస్తీ పేరుతో తీరం వెంట నడిపించి, వారి కంటే ముందు మనం వెళ్లి దారిలోని దొంగలను ఓడించి, సంకేతపు మంటలు వెలిగిస్తూ ఉండాలి. వెనుక ఆమె అతనితో కత్తుల సంగతీ వాతావరణం సంగతీ తప్ప ఏమీ మాట్లాడలేక తడబడుతూ ఉంటుంది. అది అంతకు ముందు నేను పదిసార్లు తిరిగిన వూండెడ్ కోస్ట్ దారే, అవే ఇసుక దిబ్బలు, అవే రాళ్లు. మంట వెలిగించి, రాయి చాటున నక్కి, వాళ్ల మాటలు వింటున్నంతసేపూ అది పాత దారి అన్న సంగతి నాకు గుర్తుకే రాలేదు.